ఆన్‌లైన్ పీహెచ్‌డీ చెల్లదు, పార్ట్‌టైం చెల్లుతుంది: లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లు తెలుసుకోవాల్సినవి

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లు కూడా ఉంటారు. ఐడీ కార్డు మీద లైబ్రేరియన్ అని ఉండదు. మెటాడేటా, టాక్సానమీ, డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. ఇలాంటివాళ్ల ఫోన్లకు తరచూ ఒక ప్రకటన వస్తుంటుంది. ఇంట్లో కూర్చునే పీహెచ్‌డీ, ఎంట్రెన్స్ లేదు, హాజరు అక్కర్లేదు, రెండేళ్లలో పేరు ముందు డాక్టర్! ఫీజు మాత్రం లక్షల్లో. ముందే చెప్పేస్తున్నాం, ఇలాంటి డిగ్రీ మన దేశంలో చెల్లదు.

దూరవిద్య పద్ధతిలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఏ సంస్థా పీహెచ్‌డీ నడపకూడదని 2022 నవంబర్‌లో వచ్చిన యూజీసీ నిబంధనల్లో సూటిగా రాసి ఉంది. అంతకు ముందు నెలలోనే యూజీసీ, ఏఐసీటీఈ కలిసి మరో హెచ్చరిక చేశాయి. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ విద్యాసంస్థలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదన్నాయి. 2025 జనవరిలో రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలు ఐదేళ్లపాటు పీహెచ్‌డీ అడ్మిషన్లు చేయకుండా యూజీసీ నిలిపేసింది. కాబట్టి ‘యూజీసీ గుర్తింపు ఉంది’ అన్న ఒక్క మాట విని డబ్బు కట్టకండి.

చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. ఎం.ఎల్.ఐ.ఎస్సీ దూరవిద్యలో చదివితే ఇబ్బంది లేదు. జూబ్లీహిల్స్‌లోని అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఇగ్నోలోనో చేసిన పీజీ చెల్లుతుంది. పీహెచ్‌డీకి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

మరి ఉద్యోగం మానకుండా చదవలేమా? చదవొచ్చు. అవే నిబంధనలు పార్ట్‌టైం పీహెచ్‌డీకి అనుమతి ఇచ్చాయి. పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు ఉంది. మన ఇళ్లలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చూసుకోవాలి. అది రాష్ట్రం ఇచ్చింది. సెంట్రల్ యూనివర్సిటీలు కేంద్రం ఓబీసీ జాబితానే చూస్తాయి, అందులో మీ వర్గం పేరు ఉందో లేదో అప్లై చేయకముందే తెలుసుకోండి. 2024 నుంచి నెట్ స్కోరుతోనూ పీహెచ్‌డీ అడ్మిషన్ ఇస్తున్నారు, స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఉస్మానియా లాంటి రాష్ట్ర యూనివర్సిటీలు సొంత నోటిఫికేషన్లు వేస్తాయి. ప్రతి ఏడాదీ వస్తాయన్న నమ్మకం మాత్రం పెట్టుకోవద్దు. ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. ఫ్యాకల్టీ తక్కువగా ఉన్న డిపార్ట్‌మెంట్‌లో సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటాయి.

సీటు దొరికినా చాలామంది బండి ఆగిపోయేది ఎన్‌ఓసీ దగ్గరే. హెచ్‌ఆర్‌ను అడిగితే ‘చదువుకోవడానికి మాకు అభ్యంతరం లేదు’ అని ఒక్క లైను రాసిస్తారు. అది సరిపోదు. ఆ లెటర్‌లో మూడు మాటలు ఉండాలి. పార్ట్‌టైంగా చదవడానికి అనుమతిస్తున్నాం, ఈ ఉద్యోగి పని రీసెర్చ్‌కు తగినంత టైం ఇచ్చే విధంగా ఉంది, అవసరమైతే కోర్స్‌వర్క్ పూర్తి చేసుకోవడానికి డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తాం. ఈ మూడో మాట రాయడానికే ప్రైవేటు కంపెనీలు వెనకాడతాయి. అందుకే ఎంట్రెన్స్ రాయకముందే మేనేజర్‌తో మాట్లాడి ఉంచండి. నైట్ షిఫ్టులు, ప్రాజెక్టు మార్పులు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, రీసెర్చ్ నైతికత మీద ఒక పేపర్ అందులోనే. ప్రతి సెమిస్టర్‌లో కమిటీ ముందు కూర్చుని పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. అన్నట్టు, రాయదుర్గంలో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా తార్నాకలో దిగొచ్చు, ఉస్మానియా క్యాంపస్ అక్కడే.

ఫెలోషిప్ మీద ఆశ వద్దు. జేఆర్‌ఎఫ్ ఫుల్‌టైం వాళ్లకే. మైనారిటీ విద్యార్థులకు ఉండిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. జీతమే దిక్కు.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ భాగం తప్పక చదవాలి. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఎనిమిదేళ్లు. మహిళలకు ఇంకో రెండేళ్లు కలిసి పదేళ్ల దాకా గడువుంది. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు తీసుకోవచ్చు. పెళ్లయి వేరే ఊరికి వెళ్లాల్సివస్తే అప్పటిదాకా చేసిన రీసెర్చ్‌ను అక్కడి యూనివర్సిటీకి మార్చుకునే హక్కు కూడా ఉంది, అది నిధులిచ్చే సంస్థ ప్రాజెక్టులో భాగం కాకుంటే చాలు. ‘నిఖా తర్వాత చదువు ఎలా సాగుతుంది’ అని సంబంధం మాట్లాడేటప్పుడే భయపడే ఇళ్లలో ఈ రూల్ సంగతి చాలామందికి తెలియదు.

టాపిక్ ఎంచుకునే దగ్గర మనకో బలం ఉంది. తెలుగు, ఉర్దూ రెండూ చదవగలిగే రీసెర్చర్లు ఎక్కువమంది ఉండరు. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, సాలార్‌జంగ్ మ్యూజియం లైబ్రరీ, పంజాగుట్టలోని ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ, అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఒక్క చిన్న సమస్య చూడండి. ముహమ్మద్, మొహమ్మద్, మహ్మద్, ఉర్దూలో ఒకటే పేరు. కేటలాగ్‌లో మూడు రకాలుగా ఎక్కితే ఒకే రచయిత ముగ్గురు అవుతాడు, ఆయన పుస్తకాలు మూడు చోట్ల చెదిరిపోతాయి. కంపెనీలో కస్టమర్ల డేటాలో డూప్లికేట్లు ఏరేవాళ్లకు ఇది రోజూ చూసే తలనొప్పే. ఆఫీసు పనిలో వచ్చిన ఆ చెయ్యి ఇక్కడ పనికొస్తుంది. టాపిక్ ఖాయం చేసేముందు శోధ్‌గంగ సైట్‌లో పాత థీసిస్‌లు వెతకండి, ఉచితమే. రేపు మీ థీసిస్ కూడా అందరూ చూసేలా అందులోకే వెళ్తుంది. డబ్బిచ్చి రాయించుకునేవాళ్లు ఇది మర్చిపోతారు. 60 శాతానికి మించి కాపీ అని తేలితే రిజిస్ట్రేషనే రద్దు.

ఇంతకీ మీకు పీహెచ్‌డీ అవసరమా? కాలేజీ లైబ్రేరియన్, యూనివర్సిటీ అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టులకు పీజీతో పాటు నెట్ ఉంటే చాలు. పీహెచ్‌డీ తప్పనిసరి అయ్యేది డిప్యూటీ లైబ్రేరియన్, యూనివర్సిటీ లైబ్రేరియన్ పోస్టులకు, వాటికి ఏళ్ల అనుభవం కూడా అడుగుతారు. మొదటి కొలువు కోసమే అయితే జూన్‌లోనో డిసెంబర్‌లోనో జరిగే నెట్‌కు ముందు కూర్చోండి. ఆ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కూ ఉపయోగపడుతుంది.