బెంచీమీద సాక్షి

విగ్రహమంటే మనకు ఎత్తయిన దిమ్మె, చాచిన చెయ్యి. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో 2002లో నెలకొల్పిన యాన్ కార్‌స్కీ కంచు విగ్రహానికి దిమ్మె లేదు. శిల్పి కరోల్ బదీనా ఆయన్ని బెంచీమీద, చదరంగం బల్ల పక్కన కూర్చోబెట్టాడు. ఈ పోలిష్ దూత 1942లో వార్సా ఘెట్టోలోకి రహస్యంగా వెళ్లాడు. యూదుల సంహారం గురించి 1943 జూలైలో రూజ్‌వెల్ట్‌కి స్వయంగా చెప్పాడు. తానూ యూదుడే అయిన న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ మాత్రం, ఇతడు అబద్ధమాడుతున్నాడని కాదు, నమ్మడం నావల్ల కాదన్నాడు. వాస్తవాన్ని చెబితే చాలుననుకునే మన రచయితలు ఇక్కడ కాస్త ఆగాలి.

తర్వాత కార్‌స్కీ అక్కడే నాలుగు దశాబ్దాలు పాఠాలు చెప్పాడు. ఆ సంగతి మాత్రం చాలా ఏళ్లు ఎత్తలేదు. 1978లో లాంజ్‌మన్ కెమెరా ముందు మొదలుపెట్టి, ఏడుస్తూ లేచి వెళ్లాడు. మళ్లీ వచ్చి చెప్పాడు. ఫోటోల్లో ఆ కంచు ముఖం నాకు మరీ ప్రశాంతంగా కనబడుతుంది. శిల్పితో నా పేచీ అదే.