కిటికీ వెనుక కిటికీ

అంతర్జాలంలో రైలు టిక్కెట్టు కొనడం నేడు ఎంత సామాన్యమైన పని అయిందంటే, దానికి ఒక చరిత్ర ఉన్నదన్న సంగతే మనకు స్ఫురించదు. అయితే అర్ధరాత్రి వేళ ఆ ప్రయత్నం చేసినవారికి ఒక వింత ఎదురై ఉంటుంది. చాలా ఏళ్ళుగా రాత్రి 11.45 నుండి 12.20 వరకు ఐ.ఆర్.సి.టి.సి. దుకాణం మూసి ఉంటుంది. రాత్రీ పగలూ ఎరుగని అంతర్జాలానికి ఈ విరామమెందుకు? సమాధానం కోసం వెనక్కి నడిస్తే 1985వ సంవత్సరం దగ్గర ఆగుతాము.

అంతకుమునుపు రిజర్వేషను అంటే పెద్ద పెద్ద పుస్తకాలు. ఒక్కొక్క రైలుకు, ఒక్కొక్క తేదీకి ఒక పట్టిక. ఏ రైలు పుస్తకం ఏ గుమాస్తా ముందు ఉంటే ఆ కిటికీ వద్దనే నిలబడాలి. తిరుగు ప్రయాణానికి టెలిగ్రాము ఇచ్చి, బెర్తు దొరికినదో లేదో తెలిసేవరకు దైవం మీద భారం వేయాలి. 1985లో న్యూఢిల్లీలో 'ఇంప్రెస్' అనే కంప్యూటరు వ్యవస్థ మొదలైంది. దానిని నిర్మించినది నాటి ప్రభుత్వరంగ సంస్థ సి.ఎం.సి. మరుసటి ఏడు, అంటే 1986లో, రైల్వేల కంప్యూటరు పనులన్నిటికీ 'క్రిస్' అనే సంస్థ ఏర్పడింది. క్రమంగా బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకూ కంప్యూటర్లు వచ్చాయి. ఇక ఏ కిటికీ వద్ద నిలబడినా ఆ కేంద్రం పరిధిలోని ఏ రైలుకైనా టిక్కెట్టు దొరికేది.

కాని ఈ ఐదు కేంద్రాలూ ఐదు ద్వీపాలు. ఒకదాని చిట్టా మరొకదానికి కనబడదు. ఆ కొరత తీర్చడానికి క్రిస్ తయారుచేసిన 'కాన్సర్ట్' అనే వ్యవస్థ 1994లో మొట్టమొదట అమలుకు వచ్చినది మన సికింద్రాబాదులోనే. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాల అనుసంధానం పూర్తయింది. ప్రతి కేంద్రమూ తన రైళ్ళ చిట్టాను తనవద్దనే ఉంచుకుంటుంది. అడిగినవాడు ఎక్కడున్నా ప్రశ్న ఆ చిట్టా ఉన్న ఊరికి వెళ్ళి, జవాబుతో తిరిగి వస్తుంది. మధ్యలో తంతి తెగితే సగం లావాదేవీ మిగిలిపోరాదు: పూర్తిగా జరగాలి, లేదా అసలే జరగలేదనిపించుకోవాలి. ఒకే బెర్తును ఇద్దరికి అమ్మకుండా కాపాడే నియమం ఇదే.

2002 ఆగస్టు 3న అంతర్జాల విక్రయం ప్రారంభమైంది. పాత లెక్కల వ్యవస్థ ఉన్నచోట కొత్త దుకాణం తెరిచేవారికి సాధారణంగా రెండు దారులుంటాయి. కొంత సరుకును విడిగా తీసి కొత్త దుకాణానికి ఒప్పగించడం ఒకటి. పాత చిట్టానే దుకాణానికి చూపించడం రెండవది. మొదటిది సులువు. కాని ఒకచోట బెర్తులు ఖాళీగా మిగిలి, మరొకచోట వెయిటింగ్ లిస్టు పెరిగే ప్రమాదం ఉన్నది. రైల్వేలు రెండవ దారి పట్టాయి. పాత యంత్రం దృష్టిలో వెబ్‌సైటు కూడా మరొక కౌంటరు వంటిదే. అందుకే తొలినాళ్ళలో ఇంట్లో కూర్చుని కొన్న టిక్కెట్టు కూడా కాగితం మీద అచ్చయి, కొరియరులో ఇంటికి వచ్చేది. ప్రయాణికుడే అచ్చు తీసుకోగల ఈ-టిక్కెట్టు 2005లో గాని రాలేదు.

చిట్టా ఒకటే అయినా డబ్బు మాత్రం వేరొక దారిన నడిచింది. ముందు బ్యాంకులో సొమ్ము తగ్గుతుంది, తరువాత బెర్తు కోసం అభ్యర్థన పాత వ్యవస్థకు చేరుతుంది. ఆ కొద్ది క్షణాలలో బెర్తు వేరొకరికి పోవచ్చు, సంబంధమే తెగిపోవచ్చు. ఐదు కేంద్రాల మధ్య అంత కట్టుదిట్టంగా పాటించిన 'పూర్తిగా, లేదా అసలే లేదు' అన్న నియమం బ్యాంకు గడప వద్ద ఆగిపోయింది. సొమ్ము పోయి టిక్కెట్టు రాక, అది తిరిగి వచ్చేవరకు రోజులు లెక్కపెట్టుకున్నవారు మనలో ఎందరో! పండుగకు ఊరు చేరవలసినవాడికి తిరిగి వచ్చిన సొమ్ము టిక్కెట్టు కాదు గదా.

రద్దీ మరొక కథ. 2014లో వచ్చిన కొత్త ఈ-టిక్కెట్టు వ్యవస్థ నిమిషానికి 2,000గా ఉన్న సామర్థ్యాన్ని 7,200కు పెంచింది. వెనుకనున్న పాత వ్యవస్థనే మార్చి నిమిషానికి లక్షన్నరకు పైగా టిక్కెట్లు ఇవ్వగల దానిని తెస్తున్నట్లు రైల్వే శాఖ 2025లో ప్రకటించింది. ముందు వాకిలిని ఎంత వెడల్పు చేసినా లోపలి గది ఇరుకైతే ప్రయోజనం పరిమితమే.

ఒకే చిట్టా ఉండడం వలన, వరుసలో నిలబడిన వృద్ధునికీ కంప్యూటరు ముందున్న యువకునికీ ఒకే బెర్తు మీద సమాన హక్కు దక్కింది. కాని అక్కడికి ముందుగా చేరేదెవరు? వేళ్ళ వేగం ఉన్నవాడు, అంతకంటే ముందుగా దళారి నడిపే ప్రోగ్రాము. తత్కాల్ టిక్కెట్లకు 2025 జులై నుండి ఆధార్ తప్పనిసరి చేసినది ఈ చిక్కు విప్పడానికే. చిట్టాను కలిపే పని ఇంజనీర్లు చేయగలిగారు. వరుసను న్యాయంగా నిలబెట్టే పని ఇంకా సాగుతూనే ఉన్నది.

ఇక మన అర్ధరాత్రి ప్రశ్న. ఆ 35 నిమిషాలు పాత వ్యవస్థ దినచర్యకు కేటాయించిన సమయం: నాటి లెక్క ముగించి, మరునాటి తేదీకి సిద్ధపడే వేళ. కిటికీలో గుమాస్తా కనబడకపోయినా, పుస్తకం మూసి తెరిచే ఆచారం మాత్రం మిగిలింది.