కాకతాళీయమా, కార్యకారణమా?



కాకతాళీయ న్యాయం మీకు తెలిసినదే. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వల్లనే రాలిందా? ఖగోళశాస్త్రంలో యాభై ఏళ్లకు పైగా నడుస్తున్న ఒక వాదం నాకు దీనినే స్ఫురింపజేస్తుంది. రెండు గెలాక్సీలు ఢీకొని కలిసిపోవడం వల్లనే వాటి కేంద్రంలోని కృష్ణబిలాలు మేల్కొని, వాయువును మింగుతూ ప్రజ్వలిస్తాయా?

మా ఉత్తరాంధ్రకు ఆకాశపరిశీలన కొత్త కాదు. విజయనగరం కూడా విశాఖపట్నం జిల్లాలోనే ఉన్న ఆ రోజుల్లో, 1840 ప్రాంతంలో, గోడే వెంకట జగ్గారావుగారు విశాఖలో తమ ఇంటనే వేధశాల నెలకొల్పారు. అది గ్రహాలను, గ్రహణాలను గమనించిన కాలం. గెలాక్సీల సంఘర్షణను గణితంతో పట్టిచూసిన తెలుగునాటి శాస్త్రజ్ఞులు ఉస్మానియా ఆచార్యులు సాలేహ్ మహమ్మద్ అల్లాదీన్ గారు (1931–2011). ఒక గెలాక్సీ మరొకదాని చెంతగా సాగిపోతే, ఆ ఆకర్షణవల్ల నక్షత్రాలకు ఎంత శక్తి సంక్రమిస్తుందో లెక్కకట్టి 1965లో ప్రకటించారు. 1982లో నరసింహన్ గారితో కలిసి ఆ విషయంపై సమగ్ర సమీక్ష రచించారు.

ఈలోగా 1972లో టూమ్రే సోదరులు కంప్యూటరుతో ఢీకొన్న గెలాక్సీల తోకలను చిత్రించి, ఆ తాకిడికి వాయువు కేంద్రానికి జారి అక్కడి కొలిమికి ఇంధనం కావచ్చునని సూచించారు. ఊహ అందమైనది, అందుకే చాలాకాలం చెలామణీ అయింది.

కాకి వాలని చెట్ల మాట ఏమిటి? 2011లో ఆ పరీక్ష జరిగింది. హబుల్ చిత్రాలలో 140 క్రియాశీల గెలాక్సీలను, 1264 నిద్రాణ గెలాక్సీలతో పోల్చారు. క్రియాశీలమైనవాటిలో 85 శాతానికి పైగా పెద్ద తాకిడి గుర్తులు లేవు; రూపవికారం రెండు వర్గాలలోనూ ఇంచుమించు సమానమే. అయితే మిక్కిలి ప్రకాశవంతమైనవాటికి మాత్రం విలీనమే ప్రధానకారణమని 2012లో మరొక బృందం వాదించింది.

ఇక విశ్వం పసితనం సంగతి. 2024లో జేమ్స్ వెబ్ దూరదర్శిని, మహావిస్ఫోటానికి 74 కోట్ల ఏళ్ల తర్వాతి కాలంలోనే విలీనమవుతున్న రెండు గెలాక్సీలను, వాటిలోని కృష్ణబిలాలను చూపింది. ఇక్కడే జాగ్రత్త అవసరం. ఆనాడు విశ్వం ఇరుకు, వాయువు సమృద్ధి, విలీనాలు తరచు. అంటే తాటితోపు నిండా కాకులే! పండు రాలినచోట కాకి కనబడటం వింత కాదు. తాకిడి లేకున్నా వాయువు దానంతట అదే కేంద్రానికి చేరగల కాలమది.

కనుక ఒక్క దృష్టాంతంతో తీర్పు చెప్పరాదు. కాకి వాలిన చెట్లనూ వాలనివాటినీ ఆ తొలికాలంలోనే ఎంచి పోల్చాలి. ఆ లెక్క తేలేదాకా న్యాయం కాకతాళీయమే.