పాఠం చెప్పిన బొమ్మకు పతకమేది?

పెనుకొండ దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు వైపు సాగితే సోమందేపల్లె వస్తుంది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా వాన లెక్క మారలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో కురిసే మెట్టసీమ ఇది. వేరుశనగ చేతికి రాని ఏడాది పెద్దలు బెంగళూరు బాట పడతారు, పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగిలిపోతారు. ఇంటి దగ్గర చదువు చెప్పేవారు లేని ఇలాంటి పిల్లలకు బడి గంటలు ముగిశాక కూడా ఒక గొంతు, ఒక బొమ్మ తోడుండాలన్న ఆలోచన కొత్తది కాదు. తెలుగులో దానికి ఎనభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ పనికి జీవితాలు ధారపోసినవారూ ఉన్నారు. వారికి మనం ఏ గౌరవం ఇచ్చాం? ఈ ప్రశ్న వేసుకుని చరిత్ర తిరగేస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. మనం ఉపగ్రహానికి చప్పట్లు కొట్టాం, సినిమాకు పతకాలిచ్చాం, పిల్లలకు తెర మీద పాఠం చెప్పే విద్యను మాత్రం ఒక విద్యగానే గుర్తించలేదు. ఆ లోటు కొందరి సన్మానాలకు సంబంధించినది మాత్రమే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. దాని నష్టం పిల్లలకు చేరింది.

ఈ కథ టీవీకి ముందే రేడియోతో మొదలవుతుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు ఆకాశవాణిలో తెలుగు పిల్లల కోసం కార్యక్రమాలు నడిపారు. శ్రోతలు వారిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలిచారు. పిల్లల కార్యక్రమమంటే పెద్దవాళ్లు నీతులు చెప్పడమే అనుకునే రోజుల్లో వారు మైకును పిల్లల చేతికే ఇచ్చారు. పాట పాడేదీ, నాటిక వేసేదీ, కథ చెప్పేదీ పిల్లలే. 1945లో రాఘవరావు 'బాల' పత్రిక ప్రారంభించారు. తరువాత హైదరాబాదు చేరి బాలానంద సంఘం ద్వారా అదే పని కొనసాగించారు. 1984లో ఆయన కన్నుమూశారు. అన్నయ్య అనే పిలుపు గొప్పదే. ఏ ప్రభుత్వమూ ఇవ్వలేని బిరుదు అది. కానీ పిలుపు ఆ తరం శ్రోతలతోనే వెళ్లిపోతుంది. ఆయన పిల్లలతో ఎలా మాట్లాడేవారు, నాటికను ఎలా రాయించేవారు, బెదిరే పిల్లవాడిని మైకు ముందు ఎలా నిలబెట్టేవారు అన్న పనితనం ఏ శిక్షణాలయానికీ పాఠ్యాంశం కాలేదు.

ఆ 'బాల' పత్రికలోనే ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ వచ్చింది. బాపు కుంచె తొలి అడుగులు పడింది కూడా అక్కడే. అప్పటికి రమణకు పద్నాలుగేళ్లు, బాపుకు పన్నెండేళ్లయినా నిండలేదు. నలభై ఏళ్ల తరువాత, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ప్రభుత్వం బడిపిల్లల కోసం వీడియో పాఠాలు తయారుచేయించాలని తలపెట్టి ఈ ఇద్దరినే పిలిచింది. అన్నయ్య పత్రికలో అక్షరాలు దిద్దుకున్నవారు పెరిగి పెద్దవారై మళ్లీ పిల్లల దగ్గరికే రావడం తెలుగు బాలల ప్రసార చరిత్రలో అరుదైన ఘట్టం. వారి గౌరవాల జాబితా చూడండి. 'ముత్యాల ముగ్గు', 'మిస్టర్ పెళ్లాం' చిత్రాలకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఇద్దరికీ వేర్వేరు సంవత్సరాల్లో రఘుపతి వెంకయ్య పురస్కారం అందింది. 2013లో బాపుకు పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ వారికి తగినవే. అయితే వారిని తలుచుకునే వ్యాసాల్లో వీడియో పాఠాల ప్రస్తావన ఒకటి రెండు వాక్యాలు దాటదు. సినిమా తీసిన బాపు మనకు గుర్తున్నాడు, పలకాబలపం పట్టుకున్న పిల్లవాడి కోసం బొమ్మ గీసిన బాపు గుర్తులేడు. ఇంత పేరున్నవారి విషయంలోనే ఇలా జరిగితే పేరులేని వారి సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక ఉపగ్రహం సంగతి. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31తో ముగిసిన 'సైట్' ప్రయోగం ప్రపంచం కళ్లు మన పల్లెల వైపు తిప్పింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పది అడుగుల వెడల్పున్న ఇనుప వల గొడుగులు పల్లెల్లో వెలిశాయి. పగలు బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ ప్రసారాలు. హిందీ, ఒరియా, కన్నడ, తెలుగు భాషలకు ఉదయం ఒక్కో భాషకు 22.5 నిమిషాలు కేటాయించారు. హైదరాబాదు, ఢిల్లీ, కటక్‌లలో కార్యక్రమాల తయారీ కేంద్రాలు పనిచేశాయి. ఈ కలను మొదట కన్నది విక్రమ్ సారాభాయ్. 1969లో ఒప్పందం కుదిరింది, 1971లో ఆయన వెళ్లిపోయారు. అహ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రం తొలి సంచాలకుడు యశ్‌పాల్, కార్యక్రమ నిర్వాహకుడు ఏక్‌నాథ్ చిట్నిస్ ప్రయోగాన్ని నడిపించారు. ప్రయోగం ముగిసిన 1976లోనే యశ్‌పాల్‌కు పద్మభూషణ్ వచ్చింది, 1985లో చిట్నిస్‌కు వచ్చింది.

యశ్‌పాల్ జీవితం మన వాదానికి మంచి ఉదాహరణ. విశ్వకిరణాల శాస్త్రవేత్తగా మొదలై ఉపగ్రహ టీవీ దాకా వచ్చిన ఆయన అక్కడితో ఆగలేదు. దూరదర్శన్‌లో 'టర్నింగ్ పాయింట్' ద్వారా దేశం నలుమూలల పిల్లలు పంపిన ప్రశ్నలకు జవాబులు చెప్పారు. బడిసంచీ బరువు గురించి 1993లో నివేదిక ఇచ్చిన సంఘానికి అధ్యక్షత వహించారు. 2009లో యునెస్కో వారి కళింగ పురస్కారం, 2013లో పద్మవిభూషణ్ ఆయనను చేరాయి. పిల్లవాడి ప్రశ్నను గౌరవించిన జీవితానికి గౌరవం దక్కిన అరుదైన సందర్భమిది. గౌరవం వల్ల జరిగిన మేలేమిటో కూడా ఇక్కడే తెలుస్తుంది. యశ్‌పాల్ మాటకు విధాన నిర్ణేతల ముందు బరువు వచ్చింది, ఆ బరువును ఆయన పిల్లల పక్షాన వాడారు. అదే ప్రయోగంలో హైదరాబాదు కేంద్రం నుంచి తెలుగు పాఠం రాసిన రచయిత, గొంతునిచ్చిన కళాకారిణి, బొమ్మ గీసిన చిత్రకారుడు ఎవరో నేటి పాఠకుడికి తెలియదు. 1983లో ఇన్శాట్-1బి ఎగిరాక మళ్లీ అదే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థలు ఏర్పడ్డాయి. అయిదు నుంచి ఎనిమిదేళ్ల వారికి, తొమ్మిది నుంచి పదకొండేళ్ల వారికి విడివిడిగా తెలుగులో కార్యక్రమాలు వచ్చాయి. సంస్థ పేరు మిగిలింది, మనుషుల పేర్లు మిగలలేదు.

అమెరికాలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడాలి. ఫ్రెడ్ రోజర్స్ 1968 నుంచి 2001 దాకా చిన్నపిల్లల కోసం ఒకే కార్యక్రమం నడిపాడు. దాదాపు 900 భాగాలు. 1997లో జీవన సాఫల్య ఎమ్మీ, 2002లో ఆ దేశపు అత్యున్నత పౌర గౌరవమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఆయనకు దక్కాయి. పిల్లల టీవీ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్' సృష్టికర్తల్లో ఒకరైన జోన్ గాంజ్ కూనీకి అదే పతకం 1995లోనే వచ్చింది. ఆ గౌరవాలు పతకాలతో ఆగలేదు. రోజర్స్ కాగితాలూ కార్యక్రమాలూ ఆయన సొంతూరు లాట్రోబ్‌లోని కళాశాలలో భద్రంగా ఉన్నాయి. అక్కడ ఆయన పేరిట నడుస్తున్న సంస్థ కొత్త తరానికి ఆ పద్ధతులు నేర్పుతోంది. గౌరవించిన పనిని సమాజం దాచుకుంటుంది, దాచుకున్న పని నుంచి తరువాతి వారు నేర్చుకుంటారు. ఈ గొలుసులో మొదటి కొక్కెం మన దగ్గర తెగిపోయింది.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. ఇంతకూ ఈ టీవీ పాఠాల వల్ల పిల్లలకు ఒరిగిందేమిటి అని అడిగేవారున్నారు. సైట్ ప్రభావంపై జరిగిన అధ్యయనాలు బడిలో చేరేవారి సంఖ్య పెరగలేదని, మధ్యలో మానేసేవారు తగ్గలేదని తేల్చిన మాట నిజం. దాన్ని దాచనక్కర్లేదు. కూలికి వెళ్లాల్సిన పిల్లవాడిని 22.5 నిమిషాల బొమ్మ ఆపలేదు. అవే అధ్యయనాలు పిల్లల భాషలో మెరుగుదల కనిపించిందనీ చెప్పాయి. సెసమీ స్ట్రీట్ మీద మెలిస్సా కెర్నీ, ఫిలిప్ లెవీన్ అనే ఆర్థికవేత్తలు చేసి 2019లో ప్రచురించిన పరిశోధన ఇంకా సూటిగా ఉంది. కార్యక్రమం మొదలైన రోజుల్లో టీవీ సిగ్నల్ బాగా అందిన ప్రాంతాల చిన్నపిల్లలు, అందని ప్రాంతాల వారితో పోలిస్తే, వయసుకు తగిన తరగతిలో చదువుతూ ముందుకు సాగారు. అమెరికాలో ఆ కార్యక్రమం దశాబ్దాల పాటు ఆగకుండా నడిచింది. మన ప్రయోగం ఏడాదికి ముగిసింది, ఉపగ్రహం వెనక్కి వెళ్లింది. ఒక్క తడితో పైరు ఎండిపోతే విత్తనాన్ని తప్పుపట్టలేమని మెట్టరైతుకు తెలుసు. ఫలితం స్వల్పమైతే ఆ లోపం పాఠం చెప్పినవారి పనితనానిది కాదు, పనిని నిలకడగా సాగనివ్వని విధానానిది.

టీవీ పాఠం అనేకమంది కలిసి చేసే పని, అందులో ప్రభుత్వోద్యోగులు జీతం తీసుకుని చేసినదే ఎక్కువ, విడిగా ఒకరిని సన్మానించడం మిగతావారికి అన్యాయం అనేది మరో వాదన. సినిమా కూడా నూరుమంది పనే. అయినా రఘుపతి వెంకయ్య పేరిట 1980 నుంచి జీవన పురస్కారం ఇస్తూ వచ్చాం. ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాలు ఏటా ఇస్తున్నాం, ఆ ఉపాధ్యాయులూ జీతం తీసుకునేవారే. నంది పురస్కారాల్లో బాలల చిత్రాలకు చోటుండేది కదా అంటారు. అది ఒక ఏడాదిలో వచ్చిన ఒక చిత్రానికి ఇచ్చిన గుర్తింపు. ముప్ఫై ఏళ్లు ప్రతి వారం అయిదేళ్ల పిల్లవాడికి కూడికలు ఎలా చెప్పాలా అని తల బద్దలు కొట్టుకున్న మనిషి పని అందులో ఇమడదు. ఈ పని విలువ దాని నిడివిలోనే ఉంది. పిల్లలు మారుతుంటారు, పాఠ్యపుస్తకాలు మారుతుంటాయి, తెర మారుతుంది. ఇవన్నీ మారినా పిల్లవాడి చూపు తప్పిపోకుండా పట్టుకోవడం ఏళ్ల తరబడి చేస్తేనే పట్టుబడే విద్య.

అన్నిటికంటే బరువైన ప్రశ్న సోమందేపల్లె లాంటి చోటు నుంచే రావచ్చు. తాగునీరు, పంటకు నీరు, బడికి చాలినంత మంది పంతుళ్లు లేనిచోట టీవీ పాఠాలు రాసినవారికి పురస్కారాలేమిటి? దీన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. పంతులు స్థానాన్ని టీవీ ఎన్నడూ తీసుకోలేదు, తీసుకోకూడదు. కానీ ఈ అవసరం మెట్టసీమలోనే ఎక్కువ. పట్నంలో తల్లిదండ్రులు, ట్యూషన్లు, పుస్తకాల అంగళ్లు ఉన్న పిల్లవాడికి మంచి కార్యక్రమం అదనపు వసతి. పెద్దలు వలసపోయిన ఇంట్లో అదొక్కటే బడి బయటి చదువు. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు ఇది నగ్నంగా బయటపడింది. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి వారికోసం దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యామృతం' మొదలుపెట్టింది. తెలంగాణ సెప్టెంబరు 1 నుంచి యాదగిరి చానల్‌లో, టీ-శాట్‌లో పాఠాలు ప్రసారం చేసింది. ఉపాధ్యాయులు కెమెరా ముందు నిలబడి శక్తికొద్దీ బోధించారు. వారిది మెచ్చుకోవలసిన కృషి. కానీ తరగతి గదిలో నల్లబల్ల ముందు చెప్పే పాఠమే చాలావరకు తెర మీదికి వచ్చింది. రేడియో అన్నయ్య ఎనభై ఏళ్ల నాడు కనిపెట్టిన కిటుకులు, సైట్ తెలుగు బృందం నేర్చుకున్నవి, బాపు రమణల వీడియో పాఠాల్లోని బొమ్మా మాటా వారి చేతికి అందలేదు. గౌరవం లేనిచోట వారసత్వం లేకపోవడమంటే ఇదే. కరువుసీమ పిల్లవాడు దానికి మూల్యం చెల్లించాడు.

చేతిలో ఫోను, అందులో వేల వీడియోలు ఉన్న కాలంలో ఈ తవ్వకం ఎందుకన్నది ఆఖరి సందేహం. వీడియోలు ఎన్ని ఉన్నాయన్నది పిల్లవాడికి అక్కరలేని లెక్క. ఏ వయసుకు ఏది, ఎంతసేపు, ఏ మాటలతో చెప్పాలో ఆలోచించి చేసినవి ఎన్ని అన్నదే అసలు సంగతి. మంచి చెడు విడదీసి చూపే కొలబద్ద లేనప్పుడు ఎక్కువమంది చూసినదే మంచిదిగా చలామణి అవుతుంది. జీవిత కాలపు కృషికి ఇచ్చే గౌరవం అలాంటి కొలబద్ద. ఇదిగో, పిల్లలతో మాట్లాడటమంటే ఇలా ఉండాలి అని అది లోకానికి చూపిస్తుంది.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాలు కలిసి న్యాయపతి దంపతుల పేరిట బాలల విద్యా ప్రసారాలకు ఒక జీవన పురస్కారం నెలకొల్పాలి. దాన్ని శాలువాతో, జ్ఞాపికతో సరిపెట్టకూడదు. పురస్కారం పొందినవారి రాతప్రతులు, టేపులు సేకరించి డిజిటల్ రూపంలో భద్రపరచడం, బడులకు ఉచితంగా అందించడం అందులో భాగం కావాలి. తెర ముందు కనిపించేవారితో పాటు రచయితలు, చిత్రకారులు, సాంకేతిక నిపుణులు కూడా దానికి అర్హులు కావాలి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో ఆ పనిని పాఠంగా చెప్పాలి. ప్రదానోత్సవం రాజధాని వేదిక మీద కాక ఏటా ఒక వెనుకబడిన మండలంలోని ప్రభుత్వ పాఠశాలలో జరగాలి, మొదటి ఏడాది సోమందేపల్లెలో జరిగినా తగినదే. పాత టేపులు ఏటికేడు పాడవుతాయి, వాటిని చేసినవారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఈ పని ఎంత ఆలస్యమైతే మన పిల్లలకు అందాల్సిన ఆస్తి అంత తరిగిపోతుంది.