సూరతు – బొంబాయి

సూరతు మేలా, బొంబాయి మేలా యని మన యిండ్లలో వినవచ్చు చర్చ మూడు శతాబ్దులకు పూర్వముదే. నాడు సూరతు మొగలాయి సామ్రాజ్యమునకు ప్రధానమైన రేవు. బొంబాయి, జ్వరములకు నెలవైన దీవుల గుంపు. 1664, 1670 సంవత్సరములలో శివాజీ సూరతును కొల్లగొట్టగా వర్తకులకు ధనముకంటె అభయమే ప్రియమయ్యెను. బొంబాయి గవర్నరు జెరాల్డ్ ఆంజియర్ అన్యమతస్థులకును రక్షణ కల్పించి వారిని రావించెను. 1687లో ఆంగ్ల కంపెనీ తన ముఖ్యస్థానమును అచ్చటికే మార్చెను.

1896లో బొంబాయిని, 1994లో సూరతును ప్లేగు వణికింపగా జనులు ఊళ్లు విడిచి పాఱిరి. పిమ్మట సూరతు తన వీధులను శుభ్రపఱచుకొని ఖ్యాతి గాంచెను.

నేటి ముంబయిలోని కామాఠిపురమును, సూరతులోని మరమగ్గములును మనవారి చెమట నెఱుగును. కూలి మనుజుని నగరమునకు రప్పించును. నిలుపునవి మాత్రము అభయమును, ఆరోగ్యమును.