క్యాసెట్టు నుండి డిస్కు దాకా – మన ఇళ్ళ చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, శాసనాలు గుర్తుకు వస్తాయి. బషీరాబాద్ వంటి ఊళ్ళలో ఉద్యోగం చేసి విరమించిన మనవంటి వారికి ఇంకొక చరిత్ర ఉంది. అది బీరువా పై అరలో నల్లని వీడియో క్యాసెట్ల రూపంలో ఉంటుంది. పిల్లల పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, పదవీ విరమణ సన్మానాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ చరిత్రను నిలుపుకొనే మార్గం గురించి నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

జపాన్‌కు చెందిన జేవీసీ సంస్థ 1976లో వీహెచ్ఎస్ క్యాసెట్టును తెచ్చింది. మన దేశంలో 1982 ఆసియా క్రీడల నాడు కలర్ ప్రసారాలు మొదలయ్యాక టీవీ, ఆ వెనుకనే వీసీఆర్ మధ్యతరగతి ఇళ్ళకు చేరాయి. అప్పుడు మాది రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబరు 11 నుండి వికారాబాద్ జిల్లా. పెళ్ళి అంటే తాండూరు నుండి వీడియో తీసేవారిని పిలిపించేవాళ్ళం. భుజాన కెమెరాతో ఒకరు, లైటు పట్టుకొని ఒక కుర్రవాడు వచ్చేవారు. ఆ లైటు వేడికి పెళ్ళికొడుకు బాసికం కింద చెమటలు కారేవి.

1993లో వీసీడీ ప్రమాణం వచ్చింది. ఒక్కో డిస్కులో సుమారు 74 నిమిషాలే పడతాయి. అందుకే మూడు గంటల పెళ్ళి మూడు డిస్కులయింది. 1996లో జపాన్‌లో డీవీడీ విడుదలయింది. 4.7 జీబీ డిస్కులో రెండు గంటల వరకు మంచి బొమ్మ పడుతుంది. తర్వాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకొని, ఇక భయం లేదనుకున్నాము.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. 2014 ఏప్రిల్ 8తో విండోస్ ఎక్స్‌పీకి కంపెనీ మద్దతు ఆగిపోయింది. మా ఇంట్లోనూ కంప్యూటర్ మార్చారు. మా ఆఫీసు పెద్ద గుమాస్తా గారి 1996 నాటి సన్మాన సభ ఫైలు తెరిస్తే మాట వినబడింది, బొమ్మ రాలేదు. అప్పటికి ఆయన కాలం చేశారు. ఆయన గొంతు, రూపం రెండూ ఉన్నది ఆ ఒక్కదానిలోనే. ఒకసారి చూడాలని ఆయన కుమార్తె అడిగింది.

ఫైలు అనేది సంచీ వంటిది. లోపలి బొమ్మను ఏ పద్ధతిలో కుదించారో, దానిని విప్పే కోడెక్ అనే సాధనం కొత్త కంప్యూటర్‌లో ఉండాలి. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో అటువంటి సాధనాలు చాలా ఉంటాయి. అందులో మా ఫైలు తెరుచుకుంది.

అయితే ఫైలును ఉన్నదున్నట్లు డిస్కు మీద రాస్తే పాత డీవీడీ ప్లేయర్లు చాలావరకు చదవవు. దానిని ఎంపెగ్-2 పద్ధతిలోకి, మన పాల్ లెక్క ప్రకారం సెకనుకు 25 బొమ్మలుగా మార్చి, డీవీడీ వీడియోగా రాయాలి. విండోస్ విస్టా, 7లలో ఇందుకు డీవీడీ మేకర్ ఉండేది. 2012లో వచ్చిన విండోస్ 8లో దానిని తీసివేశారు. ఇప్పుడు విడిగా దొరికే ప్రోగ్రాములతో ఆ పని చేయాలి. అలా రాసిన డిస్కును ఆమెకు ఇచ్చాము. తండ్రి మాట్లాడిన నాలుగు నిమిషాలను వాళ్ళింట్లో ఎన్నోసార్లు వేసుకున్నారట.

మన తొలి టాకీ, 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే నేడు దొరకడం లేదు. అదే సమయంలో, తాటాకు గ్రంథాలు శిథిలం కాకముందే తరతరాలుగా తిరిగి రాసుకున్నారు కనుకనే కావ్యాలు మన దాకా వచ్చాయి. వీడియోకూ అదే దారి. వీసీఆర్ల చివరి తయారీదారుగా మిగిలిన ఫునాయ్ సంస్థ 2016లో వాటిని ఆపివేసింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండటం లేదు.

కనుక మిత్రులకు నా విన్నపం. బాగున్న వీసీఆర్ దొరికినప్పుడే క్యాసెట్లను ఎక్కించండి. అసలు ఫైలును చెరపకండి. ఒక ప్రతి డిస్కులో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి పిల్లల ఇంట్లో ఉంచండి. డిస్కులను ఎండకు, వేడికి దూరంగా పెట్టండి. అన్నిటికంటే ముఖ్యంగా, బొమ్మలో ఉన్నవారి పేర్లు, వరుసలు, ఊరు, తేదీ ఒక కాగితం మీద రాసి దానితో పెట్టండి. ఆ పేర్లు చెప్పగలిగినవారం ఇప్పుడు మనమే.