ద్విచక్ర వాహన భద్రతా విధానం, కార్లలోని ప్రమాద నివారణ వ్యవస్థలు

బండి నడిపేవారు, వెనక కూర్చున్నవారు ప్రమాదాల్లో చనిపోకుండా, గాయపడకుండా ప్రభుత్వాలు చేసే చట్టాలు, విధించే తయారీ ప్రమాణాలు, రోడ్ల మీద చేసే మార్పులు కలిపితే ద్విచక్ర వాహన భద్రతా విధానం అవుతుంది. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది, అంటే 44.5 శాతం, ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. ఈ రంగంలోకి ఇటీవల వచ్చిన పరికరం, ఎదురుగా ఏదైనా అడ్డు వస్తే కారు తనంతట తానే బ్రేకు వేసుకునే ఏర్పాటు. అది ప్రాణాలు కాపాడగలదు. అయితే బైకు మీది మనిషి ప్రాణాన్ని ఎదుటి వాహనం చూపు మీద ఆధారపడేలా చేసే విధానం నిలవదు. రక్షణ మొదట అతని తల మీద, అతని బ్రేకుల్లో, అతను వెళ్లే రోడ్డులో ఉండాలి.

యంత్రం చూపు

లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారుసైకిల్ ప్రమాదాలను పరిశోధకుడు హ్యారీ హర్ట్ బృందం పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. మరో వాహనంతో జరిగిన ప్రమాదాల్లో సుమారు మూడింట రెండు వంతులు, ఎదుటి డ్రైవరు బైకుకు దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయని అందులో తేలింది. మనిషి చూడలేనిది యంత్రం చూస్తుందని ఆశపడడం సహజం. కానీ బైకు ఆకారం సన్నగా ఉంటుంది. రాడార్ తరంగాలను అది కారు కంటే తక్కువగా తిప్పికొడుతుంది, తరచూ లేన్ అంచున వెళ్తుంది. అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 2024లో గంటకు సుమారు 50 నుంచి 70 కిలోమీటర్ల వేగంతో, బైకు నమూనానూ అడ్డుపెట్టి, పది చిన్న ఎస్‌యూవీలను పరీక్షిస్తే, అత్యుత్తమ శ్రేణి దక్కింది సుబారు ఫారెస్టర్ ఒక్కదానికే. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం ఖరారు చేసిన తప్పనిసరి బ్రేకింగ్ ప్రమాణం ముందున్న వాహనాలను, పాదచారులను పరీక్షిస్తుంది గానీ బైకులను పరీక్షించదు. ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ 2023 నుంచి బైకు పరీక్షలు చేర్చింది. పరీక్షలో అడగనిదాన్ని తయారీదారు అందిస్తాడన్న హామీ లేదు కాబట్టి, ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది.

అభ్యంతరాలు

సాంకేతికత మెరుగుపడుతుంది కదా, ఆగితే చాలదా అనేవారున్నారు. మెరుగుపడాలి, నిబంధనలు దాన్ని బలవంతంగానైనా మెరుగుపరచాలి. కానీ ఎంత పరిపూర్ణమైన కారైనా, ఇసుకలో జారి పడిన బండిని కాపాడలేదు. పాత లారీలు, పాత కార్లు రోడ్డు మీంచి తప్పుకోవడానికి ఏళ్లు పడుతుంది. బండిలోనే ఉండే రక్షణ ఎవరు ఎదురొచ్చినా పనిచేస్తుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న మోటారుసైకిళ్లు ప్రాణాంతక ప్రమాదాల్లో చిక్కుకునే రేటు 22 శాతం తక్కువని అదే బీమా సంస్థ అంచనా. భారత్‌లో 2019 నాటికి 125 సీసీ దాటిన బండ్లకు అది తప్పనిసరి అయింది. అంతకన్నా చిన్నవాటికి రెండు చక్రాల బ్రేకులను కలిపే సీబీఎస్ సరిపోతుందన్నారు. కానీ సీబీఎస్ చక్రం బిగుసుకుపోవడాన్ని ఆపలేదు. సామాన్యులు ఎక్కువగా కొనేవి ఆ చిన్న బండ్లే.

హెల్మెట్ ప్రమాదాన్ని ఆపదన్నది మరో మాట. నిజమే. కానీ అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం అది మరణ ముప్పును 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుంది. హెల్మెట్ పెట్టుకోవడం వ్యక్తి స్వేచ్ఛ అన్న వాదన ఎటు తీసుకెళ్తుందో అమెరికా చరిత్ర చూపుతుంది. 1975 నాటికి 47 రాష్ట్రాల్లో అందరికీ వర్తించే హెల్మెట్ చట్టం ఉండేది. చట్టం లేకుంటే నిధులు తగ్గిస్తామన్న ఒత్తిడిని 1976లో అమెరికా కాంగ్రెస్ తీసేయగానే చాలా రాష్ట్రాలు సడలించాయి. కానీ తల పగిలిన మనిషి వైద్యం ఖర్చు, కుటుంబం కోల్పోయే ఆదాయం అతనొక్కడే భరించేవి కావు. ఇందుకు భిన్నంగా వియత్నాం 2007 డిసెంబరు 15 నుంచి హెల్మెట్ చట్టాన్ని గట్టిగా అమలుచేయడంతో వాడకం 90 శాతం దాటింది.

కాబట్టి క్రమం స్పష్టం. ప్రమాణాలకు తగ్గ హెల్మెట్ పట్టీ బిగించి ఇద్దరూ పెట్టుకునేలా చట్టాన్ని అమలు చేయడం, చిన్న బండ్లకూ ఏబీఎస్, గుంతలు, ఇసుక లేని రోడ్లు ముందు రావాలి. బైకును గుర్తించే పరీక్షను కార్లకు తప్పనిసరి చేయడం వాటికి తోడు కావాలే తప్ప వాటి స్థానాన్ని ఆక్రమించకూడదు.